వార్తల్లో పదం: వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్

దేశముల పేరిట జట్లు తలపడెడి బేస్‌బాల్ పోటీలలో అగ్రగణ్యమైన ఈ క్రీడోత్సవము, అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థయు, అందలి క్రీడాకారుల సంఘమును పూనుకొనగా, 2006వ సంవత్సరమున ఆరంభమయ్యెను. ఒలింపిక్ క్రీడలు వేసవి నడుమ వచ్చును గనుక, సాగుచున్న లీగును నిలిపి తమ తారలను వానికి పంపుట అమెరికా యజమానులకు రుచింపలేదు. క్లాసిక్ మాత్రము మార్చి మాసమున, లీగు మొదలగుటకు ముందే జరుగును.

ఆ కాలనిర్ణయమే ఒక విచిత్ర నిబంధనకు హేతువైనది. మన బౌలరుకు సాటియగు పిచ్చరు భుజము అప్పటికింకను పూర్తిగా సాగి యుండదు గనుక, ఒక ఆటలో అతడు విసరదగిన బంతులకు తొలిదశలో 65 అనియు, 2023 పోటీలో క్వార్టర్ ఫైనలున 80 అనియు, ఆపైన 95 అనియు హద్దు విధించిరి. కోట్లు పోసి కొన్న చేయి గదా!

2006, 2009, 2023లలో జపాను గెలువగా, 2013లో డొమినికన్ రిపబ్లిక్ ఒక్క ఆటయైన ఓడక కిరీటమందెను, 2017 అమెరికాది. 2023లో మయామి నగరమున, అమెరికాతో జరిగిన ఫైనలున జపాను 3-2 ఆధిక్యముతో నుండగా, ఆ జట్టు పిచ్చరు షోహెయ్ ఒహ్తానీ తన నాటి లీగు జట్టు సహచరుడే యైన అమెరికా బ్యాటరు మైక్ ట్రౌట్‌ను స్ట్రయికవుట్ చేసి ఆట ముగించెను.

పౌరసత్వమే గాక తల్లిదండ్రుల జన్మభూమియు ఇచట అర్హతయే. అమెరికాలో జన్మించిన మైక్ పియాజా 2006లో ఇటలీకి ఆడెను. తల్లి జపాను వనిత యగుటచే లార్స్ నూట్‌బార్ 2023లో ఆ దేశము పక్షమున నిలిచెను. ఇది దేశభక్తితో బేరమాడుటయే యని కొందరు ముఖము చిట్లింతురు గాని, ఈ వెసులుబాటు లేనిచో బలహీన జట్లకు పోటీలో నిలుచుటయే దుష్కరము.