కేతేపల్లిలో రాత్రి ఆగాలంటే

టర్కీ దక్షిణ తీరాన కాష్ అనే చిన్న ఊరుంది. వెనక నిటారు కొండలు, ముందు మధ్యధరా సముద్రం, ఎదురుగా కంటిచూపు దూరంలో గ్రీసు దేశపు దీవి. విమానం దిగేది దలమాన్‌లోనో అంటాల్యాలోనో. ఎక్కడ దిగినా ఆపైన రెండున్నర, మూడు గంటలు కొండదారిలో పోవాలి. పోయాక కూడా పొడవాటి ఇసుక తీరం కనిపించదు, గులకరాళ్ల ఒడ్లూ రాతి గట్లూ ఉంటాయి. వందల గదుల హోటళ్లు కట్టేవాళ్లు ముందుగా చూసుకునేవి ఇసుక, విమానాశ్రయం. అవి అందుబాటులో లేకపోబట్టే కాష్‌లో పాత వీధులు నిలిచాయి. ఆ వీధుల్లోనూ కొండవాలులోనూ పది, పదిహేను గదుల హోటళ్లు వెలిశాయి. మన ట్రావెల్ ఏజెంట్లు బూటిక్ హోటల్ అని చెప్పేది ఇలాంటి వాటినే. టర్కీలో ఆ పేరుకు ప్రభుత్వ నిబంధన ఉంది. కనీసం పది గదులుంటేనే ఆ గుర్తింపు దొరుకుతుంది.

హైదరాబాద్–విజయవాడ దారిలో ఉన్న మన కేతేపల్లి గురించి చెప్పడానికే ఈ కాష్ ముచ్చట ఎత్తుకున్నాను. జాతీయ రహదారి 65 మీద పోయేవాళ్లకు ఈ మండలం కొర్లపహాడ్ టోల్‌గేట్‌గా తెలుసు. సంక్రాంతి ముందు ఆ గేటు దగ్గర బారులు తీరే కార్లను టీవీలో అందరూ చూసే ఉంటారు. ఇన్ని వేల మంది పోయే దారిలో, మూసీ ప్రాజెక్టు పక్కనే ఉన్న ఊరు ఇది. అయినా ఒక రాత్రి ఇక్కడ ఆగుదామని ఎవరికీ అనిపించదు. ఎందుకు అనిపించదో, అనిపించాలంటే ఏం కావాలో చూద్దాం.

ముందు చిన్న హోటల్ ఎలా నడుస్తుందో తెలియాలి. మూడు వందల గదుల హోటల్ తన ఖర్చును మూడు వందల గదుల మీద పంచుకుంటుంది. ఈతకొలను, నాలుగు రకాల భోజనశాలలు, పెళ్లిళ్ల హాలు అన్నీ తనే కట్టుకుంటుంది. అతిథి గేటు దాటి బయటికి పోకపోతే దానికి లాభం. పది గదుల హోటల్‌కు అంత స్తోమత ఉండదు. దాని భోజనశాల పక్క వీధిలో ఉంటుంది, దాని ఈతకొలను సముద్రమే. అతిథిని పడవవాడి దగ్గరికి, రొట్టెల బట్టీకి, చేపల అంగడికి యజమానే పంపాలి. పొద్దున బల్ల మీద పెట్టే టమాటాలు, ఆలివ్ కాయలు, జున్ను, తేనె ఆ చుట్టుపక్కల నుంచే వస్తాయి. గదికి ఇచ్చిన డబ్బు కాకుండా, అతిథి జేబులోంచి ఇంకో నాలుగు ఇళ్లకు డబ్బు చేరుతుంది. పెద్ద హోటల్‌కు ఊరు ఉన్నా లేకున్నా ఒకటే. చిన్న హోటల్ ఊరి మీద బతుకుతుంది, ఊరు పాడైతే అదీ పోతుంది. ప్రభుత్వాలు ఇలాంటి హోటళ్ల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాల్సింది ఇందుకే.

అలాగైతే కేతేపల్లి దగ్గర చూపించడానికి ఏముంది? చాలా ఉంది. సోలిపేట దగ్గర మూసీ మీద కట్టిన ప్రాజెక్టు 1963 నాటికి పూర్తయింది. పూర్తి మట్టం 645 అడుగులు, నిలువ 4.46 టీఎంసీలు. దాని కింద 40 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. వానాకాలం గేట్లు ఎత్తిన రోజు సూర్యాపేట నుంచి, నకిరేకల్ నుంచి జనం బండ్ల మీద వచ్చి కట్ట మీద నిలబడి చూస్తారు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి, అక్కడ కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. నల్లగొండ పక్కనే పానగల్లు, అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా గర్భగుడిలో లింగం వెనక కదలకుండా నిలిచే స్తంభపు నీడ. ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు. అక్కడ తవ్వకాల్లో దొరికిన తోరణపు శిల్పాన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు. పొద్దున బయల్దేరితే నాగార్జునకొండ చూసి రాత్రికి తిరిగి రావచ్చు. ఇవన్నీ ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒక్కో ఆదివారం వచ్చి పోయే చోట్లుగా ఉన్నాయి. మధ్యలో రెండు రాత్రులు మంచి పడక దొరికితే, ఇవన్నీ కలిపి ఒక ప్రయాణమవుతుంది.

ఇదే రహదారికి కొంచెం లోపలున్న పోచంపల్లిని చూడండి. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. పేరు వచ్చింది, చూడ్డానికి జనమూ వస్తున్నారు. కానీ ఎక్కువమంది పొద్దున వచ్చి, మగ్గం చూసి, చీర కొని, సాయంత్రానికి హైదరాబాద్ చేరుకుంటారు. రాత్రి ఉండేవాడు ఊళ్లో మూడు పూటలు తింటాడు, పొద్దున్నే వీధిలో నడుస్తాడు, నేతపనివాళ్లతో తీరిగ్గా మాట్లాడతాడు. పర్యాటకం వల్ల ఊరికి ఏం మిగిలిందని లెక్క వేయాలంటే నేను ముందు అడిగేది ఎంతమంది నిద్రపోయారు అనే.

ఇక కట్టడం సంగతి. కొత్తగా అద్దాల భవనం కట్టనక్కర్లేదు. నల్లగొండ పల్లెల్లో భవంతి ఇండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. నడిమిట్ల వాకిలి, చుట్టూ పడసాల, టేకు దంతెలు, డంగుసున్నం గోడలు, చెక్కిన దర్వాజలు, బయట అరుగులు. మూరెడు మందం గోడ మే నెల ఎండను లోపలికి అంత తొందరగా రానివ్వదు. వారసులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే ఇంటికి తాళం పడుతుంది. ఒక వానాకాలం కప్పు కారితే దంతె నానుతుంది, మూడో ఏటికి కూలుతుంది. ఆ తర్వాత దర్వాజలు పాత కలప వ్యాపారి లారీ ఎక్కుతాయి. ఇలాంటి ఇంట్లో ఆరు గదులు బాగుచేసి, ప్రతి గదికీ మంచి స్నానాలగది కట్టి, మిగిలింది ఉన్నట్టే ఉంచితే చాలు. బాగుచేసేటప్పుడు డంగుసున్నం గోడకు సిమెంటు పూయకూడదు. గోడలోని తేమ బయటికి పోలేక సున్నం లోలోపల చెడుతుంది.

దీనికి నియమాలు కొత్తగా రాయాల్సిన పని కూడా లేదు. కేంద్ర పర్యాటక శాఖ 1950కి ముందు కట్టిన కోటలు, మహళ్లు, నివాస గృహాలను హెరిటేజ్ హోటళ్లుగా గుర్తిస్తుంది. కనీసం అయిదు గదులుండాలి. అంతకంటే చిన్నగా మొదలుపెడితే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఉంది, ఒకటి నుంచి ఆరు గదులు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. చిన్నగా మొదలవడం కొత్తేమీ కాదు, రాజస్థాన్ నీమ్రానాలో శిథిలమైన కోటను బాగుచేసి 1991లో కొద్ది గదులతోనే హోటల్‌గా తెరిచారు. ఇక అతిథికి బల్ల మీద ఏం పెట్టాలన్నదానికి నల్లగొండలో కరువు లేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మక్కగారెలు, నాటుకోడి కూర. నల్లగొండ బత్తాయి తోటల జిల్లా కాబట్టి పొద్దున గ్లాసుడు బత్తాయి రసం.

పాత ఇల్లు అన్నప్పుడు ఒక మాట దాటవేయకూడదు. ఈ జిల్లాలో పెద్ద ఇల్లంటే చాలాసార్లు గడీ, అంటే కోటలాంటి దొర ఇల్లు. గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన జనం, వెట్టి చేసిన కులాలు, కొరడా దెబ్బలు ఇక్కడి చరిత్ర. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో నేలకొరిగాడు, తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ మరణం నిప్పు రాజేసింది. అలాంటి ఇంటిని హోటల్ చేసి, గోడకు దొరవారి ఫొటో మాత్రమే తగిలించి, రాజసం అని అమ్మితే అది ఆ పల్లెకు చేసే అవమానం. పాత ఇల్లు ఎవరిదన్న ప్రశ్న టర్కీలోనూ ఉంది. ఏజియన్ తీరంలో అలాచాతి అనే ఊళ్లో ఇప్పుడు ఖరీదైన హోటళ్లయిన రాతి ఇళ్లు ఒకప్పుడు గ్రీకు కుటుంబాలవి. 1923 నాటి జనాభా మార్పిడి ఒప్పందంతో పది లక్షలకు పైగా ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఆ దేశంలో చోటు లేకుండా పోయింది. ఇల్లు అందంగా ఉందని చెప్పినప్పుడు అది ఎవరి ఇల్లో, ఎవరి చెమటతో కట్టిందో కూడా అతిథికి చెప్పాలి. గడీ హోటల్ అయితే ఉద్యోగాల్లో, వాటాల్లో మొదటి హక్కు ఒకప్పుడు ఆ గడీలో వెట్టి చేసినవాళ్ల మనుమలకు ఉండాలని నా అభిప్రాయం.

అసలు అడ్డంకి మాత్రం ఇల్లు కాదు, నీళ్లు. కాష్‌లో గది ధర కిటికీలోంచి కనిపించే సముద్రాన్ని బట్టి ఉంటుంది. కేతేపల్లిలో కిటికీ తెరిస్తే కనిపించాల్సింది మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లిలో కృష్ణలో కలిసే ఈ ఏరు, హైదరాబాద్ దాటేసరికి నగరపు మురుగునూ పరిశ్రమల వ్యర్థాలనూ మోసుకొస్తుంది. గుర్రపుడెక్క, నురగ, వాసన దిగువ పల్లెలకు అలవాటైపోయాయి. ఆ నీళ్లతోనే ఇక్కడి రైతు వరి నాటుతున్నాడు, ఆ నీళ్లలోనే మత్స్యకారుడు వల వేస్తున్నాడు. అతిథికి మూసీ చేపల పులుసు ధైర్యంగా వడ్డించగలమా అన్నది హోటల్‌కు సంబంధించిన చిన్న ప్రశ్న. ఇక్కడివాళ్లు రోజూ తినేదీ తాగేదీ పెద్ద ప్రశ్న. రెండింటికీ జవాబు ఒకటే, నగరం తన మురుగును తన హద్దులోనే శుద్ధి చేసి వదలాలి.

మూసీని బాగుచేసే ప్రభుత్వ ప్రణాళిక, అంటే మూసీ సుందరీకరణ, అన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ హైదరాబాద్ వంతెనల దగ్గరే ఆగిపోతోంది. ఆ ప్రణాళికకు కొలమానం నగరంలో వేసే దీపాలు కాకూడదు, సోలిపేట గేట్ల దగ్గర తీసిన చెంబెడు నీళ్లు కావాలి. నల్లగొండ, సూర్యాపేట ప్రజాప్రతినిధులు ఆ నీటి పరీక్ష ఫలితాలను నెలనెలా కేతేపల్లి పంచాయతీ గోడ మీద అతికించమని ప్రభుత్వాన్ని అడగాలి.