చేతి మీది వాపు ఏం చెబుతుంది?

“సిస్టరమ్మా, సూది నిన్ననే వేశారు కదా, ఇవాళే చూసి చెప్పేయండి. మళ్ళీ రావాలంటే బస్సు చార్జీలు, ఒక రోజు కూలి రెండూ పోతాయి.” మాంటూ పరీక్ష చేయించుకున్నవారు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఇది. మూడో రోజు వరకు ఎందుకు ఆగమంటామో తెలియాలంటే టి కణాల గురించి కొంచెం తెలుసుకోవాలి.

టి కణాలు తెల్ల రక్తకణాలలో ఒక రకం. ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో ఎదుగుతాయి. ఇంగ్లీషులో ఆ గ్రంథి పేరు ‘టి’ అక్షరంతో మొదలవుతుంది కనుక వీటికి ఆ పేరు వచ్చింది.

ముక్కను బట్టి క్రిమిని పోల్చుకోవడం

సాధారణంగా టి కణం క్రిమిని నేరుగా గుర్తించలేదు. మన శరీరంలోని కొన్ని కణాలు క్రిమిని మింగి ముక్కలు చేస్తాయి. ఆ ప్రోటీన్ ముక్కను తమ పైపొర మీద, హెచ్‌.ఎల్‌.ఎ. అనే అణువులో ఉంచి చూపిస్తాయి. పళ్ళెంలో ముద్ద పెట్టి చూపించినట్లన్నమాట. టి కణం ముద్దనూ, పళ్ళాన్నీ కలిపి చూస్తుంది. తనకు సరిపోయిన ముక్క అయితేనే మేల్కొంటుంది. పళ్ళెం కూడా సరిపోవాలన్న సంగతిని 1974లో ఆస్ట్రేలియాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ చిట్టెలుకలలో కనిపెట్టారు. అందుకు వారికి 1996లో నోబెల్ బహుమతి లభించింది.

మాంటూ పరీక్షలో క్షయ క్రిమి ప్రోటీన్లను కొద్దిగా చర్మంలోకి ఎక్కిస్తాము. ఇదివరకే ఆ క్రిమిని ఎదుర్కొన్న టి కణాలు ఉంటే అవి అక్కడికి చేరి, ముక్కలను గుర్తుపట్టి, ఇతర కణాలను పిలుస్తాయి. దీనికి 48 నుండి 72 గంటలు పడుతుంది. అప్పుడు మేము కొలిచేది ఎరుపును కాదు, గట్టిపడిన చోటును.

కోతులలో కూడా ఇంతే

ఉత్తర భారతదేశంలో ఎక్కువగా కనిపించే రీసస్ కోతులకు కూడా మనుషుల నుండి క్షయ సోకుతుంది. పరిశోధనశాలల్లో వాటికి ఈ సూదిని పై కనురెప్పలో వేస్తారు. టి కణాలు గుర్తుపడితే రెప్ప వాచి వాలిపోతుంది. కోతిని మళ్ళీ పట్టుకోకుండానే చూడవచ్చు. 2020లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో 10 కోతులకు బి.సి.జి. టీకాను రక్తనాళంలోకి ఇచ్చారు. వాటి ఊపిరితిత్తులలో టి కణాలు బాగా పెరిగాయి. తరువాత క్షయ క్రిమిని ఎక్కిస్తే 9 కోతులకు మంచి రక్షణ కనిపించింది. ఇది కోతులలో జరిగిన పరిశోధన మాత్రమే. మన పిల్లలకు బి.సి.జి. ఎప్పటిలాగే చర్మంలోకే ఇస్తారు.

నేను చేసిన పొరపాటు

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక తల్లి దగ్గుతో, బాగా చిక్కిపోయి వచ్చింది. మూడో రోజున ఆమె చేతి మీద ఏ వాపూ లేదు. “ఏమీ లేదమ్మా” అన్నాను. ఆ మాట నమ్మి ఇంటికి వెళ్ళిపోయింది. రెండు నెలల తరువాత ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. ఆమెకు క్షయతో పాటు హెచ్‌.ఐ.వి. కూడా ఉంది. ఆ వైరస్ నాశనం చేసేది సి.డి.4 అనే సహాయక టి కణాలనే. గుర్తుపట్టేవి లేకపోతే వాపు ఎక్కడి నుండి వస్తుంది? అప్పటి నుండి “ఏమీ లేదు” అనే మాటను నేను తొందరపడి అనను.

గుర్తుంచుకోండి

• సూది వేసిన తరువాత 48 – 72 గంటల మధ్య తప్పక చూపించుకోండి. ఆ చోటును గోకవద్దు, పసర్లు రాయవద్దు.
• వాపు వస్తే జబ్బు ఉన్నట్లే కాదు. క్రిమి సోకి నిద్రాణంగా ఉండవచ్చు, బి.సి.జి. వల్ల కూడా రావచ్చు.
• వాపు రాకపోతే జబ్బు లేనట్లు కాదు. హెచ్‌.ఐ.వి. ఉన్నవారు, పోషకాహారం లేక చిక్కిపోయిన పిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాలి.
• రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

బస్సు చార్జీ పోయినా మూడో రోజున రండి. మీ టి కణాలు చెప్పే మాట ఆ రోజే మాకు కనిపిస్తుంది.