వంటింట రుద్రజడ

వేసవిలో సబ్జా గింజల పానీయము మనకు క్రొత్త కాదు. ఆ గింజలనిచ్చు మొక్కయే రుద్రజడ. కోటలో పూజించు తులసికి ఇది దగ్గర చుట్టమే గాని, ఆ తులసి మాత్రము కాదు. గింజను ఎరిగిన మనము దీని ఆకును వంటకు వాడుట అరుదు. ఇటలీ దేశమున జెనోవా నగరమువారు ఇదే ఆకును వెల్లుల్లి, పైన్ గింజలు, చీజు, ఆలివు నూనెతో పాలరాతి రోట నూరి పచ్చడి చేయుదురు. రోలు మనకును కలదు. తెలియవలసినది ఆకు స్వభావమే: అది చలికి ఓర్వదు, మంటకు నిలువదు.

కొనునపుడు మచ్చలు లేని నిగనిగలాడు ఆకును ఎంచుకొనవలెను. వ్రేళ్ళతో నలిపినచో ఘుమ్మని వాసన రావలెను. పూత పట్టిన కొమ్మల ఆకు ముదిరి చేదెక్కును. పెరటి మొక్కకు పూవెన్నులను త్రుంచుచున్నచో లేత చిగుళ్ళు వచ్చుచుండును.

1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరు ఆయకట్టులోనిది నిడమనూరు. నిలిచిన నీరు వరికి హితమే గాని, రుద్రజడకు వేరు కుళ్ళును. కనుక దానిని మడిలో గాక గట్టున, లేదా అడుగున రంధ్రమున్న కుండలో, ఎండ తగులు చోట నాటవలెను.

కొత్తిమీరవలె దీనిని ఫ్రిజ్జులో దాచిన, మరునాటికే కట్ట పాడగును. సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువైన చలిలో ఆకు నల్లబడును. ఫ్రిజ్జులో చలి 4 డిగ్రీల ప్రాంతమున ఉండును. కాడల చివరలు కోసి, క్రింది ఆకులు తీసి, గ్లాసెడు నీటిలో నిలిపి నీడన ఉంచుడు. నీరు దినమును మార్చవలెను. మిక్కిలి మిగిలిన ఆకును నూనెతో నూరి, ఫ్రిజ్జులో మంచు గట్టు అరయందు ఉంచవచ్చును.

ఇక వంట. కరివేపాకువలె కాగిన నూనెలో వేసినచో దీని వాసన గాలిలో కలిసిపోవును, కూరకు దక్కదు. టమాటా పప్పునకు పోపు పెట్టి, గిన్నె దింపిన పిదప పిడికెడు ఆకు త్రుంచి వేసి మూతపెట్టుడు. రోటిపచ్చడికి వేయించిన వేరుశనగలు, పచ్చిమిరప, చింతపండు, ఉప్పు ముందుగా నూరి, ఆకును చివర చేర్చి ఒకటి రెండుమార్లు త్రిప్పిన చాలును.

ఒకటి రెండు మొక్కలను మాత్రము త్రుంచక పూయనిండు. వేసవికి సబ్జా గింజలును మన పెరటివే యగును.