ఫోన్‌లో ఆడే వీడియో కంప్యూటర్‌లో ఎందుకు ఆడదు? డిలీట్ కొట్టే ముందు ఇది చూడండి

పోయిన నెల మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్ నాన్నా, అక్క పెళ్లి వీడియో పాడైపోయిందిరా. మాటలు వినపడుతున్నాయి, బొమ్మ రావట్లేదు. షాపులో చూపిస్తే ఫైల్ కరప్ట్ అయింది, హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టేయమన్నాడు" అంది. ఆ వీడియోలో మా తాతయ్య ఉన్నారు. ఆయన ఇప్పుడు లేరు. ఇంకో కాపీ కూడా లేదు. "పిన్నీ, దాన్ని ముట్టుకోకు, నేనొస్తున్నా" అన్నాను.

వెళ్లి చూస్తే ఫైల్‌కి ఏమీ కాలేదు. కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ముక్క లేదు, అంతే. ఆ ముక్క ఏంటో ఈరోజు చూద్దాం.

ముందు ఒక విషయం. ఎంకేవీ, ఎంపీ4, ఏవీఐ అనేవి డబ్బాల పేర్లు మాత్రమే. వీటినే కంటైనర్లు అంటారు. మన టిఫిన్ క్యారేజీ అనుకోండి. ఒక గిన్నెలో బొమ్మ, ఒక గిన్నెలో తెలుగు ఆడియో, ఇంకోదాంట్లో హిందీ ఆడియో, పై గిన్నెలో సబ్‌టైటిల్స్. ఎంకేవీ అసలు పేరు మాట్రోష్కా. 2002లో మొదలైంది. ఒకదాంట్లో ఒకటి పట్టే రష్యా చెక్క బొమ్మల పేరు మీద పెట్టారు.

మరి గిన్నెలో ఉన్న బొమ్మ ఎలా ఉంటుంది? ఒక లెక్క వేద్దాం. ఫుల్ హెచ్‌డీ వీడియోని ఉన్నదున్నట్టు దాస్తే, సెకనుకి 25 ఫ్రేములు అనుకున్నా, ఒక్క సెకనుకే దాదాపు 155 ఎంబీ. నిమిషానికి 9 జీబీ పైనే! మీ ఫోన్ ఎన్ని నిమిషాలకి నిండిపోతుందో మీరే చెప్పండి. అందుకే బాగా కుదించి దాస్తారు. ఆ కుదించే పద్ధతే కోడెక్. 2003లో వచ్చిన హెచ్.264 ఇప్పటికీ దాదాపు అన్నిచోట్లా ఆడుతుంది. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, అదే క్వాలిటీని సుమారు సగం సైజులో ఇస్తుంది. ఈమధ్య ఫోన్లు చాలా వరకు ఇందులో రికార్డ్ చేయగలవు.

ఇప్పుడు మీరు ప్లే నొక్కారు. లోపల ముగ్గురు పనివాళ్లు లేస్తారు. మొదటివాడు స్ప్లిటర్. క్యారేజీ విప్పి గిన్నెలు విడదీస్తాడు. రెండోవాడు డీకోడర్. కుదించినదాన్ని మళ్లీ బొమ్మగా, శబ్దంగా మారుస్తాడు. బొమ్మకి ఒకడు, ఆడియోకి ఇంకొకడు. మూడోవాడు రెండరర్. వచ్చినదాన్ని స్క్రీన్ మీద, స్పీకర్లో పెడతాడు. విండోస్‌లో డైరెక్ట్‌షో అనే పాత ఏర్పాటులో ఈ ముగ్గురినీ ఫిల్టర్లు అంటారు.

ఇది తెలిస్తే రోగం మీరే కనిపెట్టొచ్చు. ఫైల్ అసలు తెరుచుకోకపోతే స్ప్లిటర్ మీద అనుమానం. మాట వచ్చి బొమ్మ రాకపోతే వీడియో డీకోడర్ లేదు. బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆడియో డీకోడర్ లేదు. సినిమా ఫైళ్లలో ఏసీ3, డీటీఎస్ ఆడియో ఉంటే ఇది మామూలే. రెండూ వస్తూ ఆగి ఆగి ఆడితే డీకోడర్ ఉంది కానీ కంప్యూటర్ మోయలేకపోతోంది. ఏ ప్లేయర్‌లో పెట్టినా సరిగ్గా ఒకే చోట ఆగిపోతుంటే, అప్పుడు ఫైల్ నిజంగా దెబ్బతిని ఉండొచ్చు.

పిన్ని కేసు రెండోది. డబ్బా ఎంకేవీ, లోపల హెచ్‌ఈవీసీ. విండోస్ 10కి ఎంకేవీ విప్పడం వచ్చు. హెచ్‌ఈవీసీ డీకోడర్ మాత్రం చాలా కంప్యూటర్లలో విడిగా వేసుకోవాలి. దానికి పేటెంట్లు ఉన్నాయి, అందుకే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బు పెట్టి కొనాలి. ఫోన్‌లో ఎందుకు ఆడుతుంది అంటే, ఆ డీకోడర్ ఫోన్ చిప్‌లోనే ఉంటుంది.

మరి పరిష్కారం? వీఎల్‌సీ వేసుకోండి. స్ప్లిటర్లు, డీకోడర్లు అన్నీ దాని కడుపులోనే ఉంటాయి, విండోస్‌ని ఏమీ అడగదు. పారిస్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ స్టూడెంట్స్ 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది, 2001 నుంచి ఓపెన్ సోర్స్. ఫైల్ లోపల ఏముందో చూడాలంటే వీఎల్‌సీలో కంట్రోల్, జె కలిపి నొక్కండి. డైరెక్ట్‌షో వాడే ప్లేయర్లే కావాలంటే లావ్ ఫిల్టర్స్ చాలు. స్ప్లిటర్, డీకోడర్ రెండూ అందులో ఉన్నాయి, ఉచితం. ఒక్కటి గుర్తుంచుకోండి: 64 బిట్ ప్లేయర్‌కి 32 బిట్ ఫిల్టర్ కనపడదు. "ఇన్‌స్టాల్ చేశాను బ్రో, అయినా ఆడట్లేదు" అనేవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఇక చేయకూడని పనులు మూడు.

ఒకటి, దొరికిన కోడెక్ ప్యాక్ అల్లా వేసుకోవద్దు. ఒకే పనికి నలుగురు ఎగబడితే పెళ్లి భోజనాల్లో ఏమవుతుందో ఇక్కడా అదే. "ఈ వీడియో చూడాలంటే ఈ కోడెక్ డౌన్‌లోడ్ చేయండి" అని ఏదైనా సైట్ అడిగితే వెంటనే మూసేయండి. 2005 ప్రాంతంలో జ్లాబ్ అనే ట్రోజన్ ఇలా వీడియో కోడెక్ వేషంలోనే కంప్యూటర్లలోకి దూరింది.

రెండు, ఫైల్ పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని రాస్తే ఏమీ మారదు. క్యారేజీ మీద పేరు మార్చితే లోపలి కూర మారుతుందా?

మూడు, కంగారుగా కన్వర్ట్ చేసి ఒరిజినల్ తీసేయొద్దు. మళ్లీ కుదించిన ప్రతిసారీ మామూలుగా కొంత క్వాలిటీ పోతుంది, పోయింది తిరిగి రాదు. డబ్బా మాత్రమే మార్చాలంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో స్ట్రీమ్ కాపీ పద్ధతి ఉంది. గిన్నెలు అలాగే తీసి కొత్త క్యారేజీలో పెడుతుంది. బొమ్మ ఇసుమంత కూడా తగ్గదు, పని కూడా త్వరగా అయిపోతుంది.

పిన్ని ఇంట్లో వీఎల్‌సీ వేసి ప్లే నొక్కాను. మండపం కనిపించింది. కాసేపటికి తాతయ్య వచ్చి అక్షింతలు వేశారు. పిన్ని ఏమీ మాట్లాడలేదు. అక్కడే కూర్చుని ఆ ముక్క మళ్లీ మళ్లీ చూసింది. వచ్చేముందు ఇంకో డిస్క్‌లోకి ఒక కాపీ వేసిచ్చాను.

మీ ఇంట్లో కూడా ఇలా "పాడైపోయిన" వీడియో ఏదైనా ఉంటే, ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి వేరే ప్లేయర్‌లో పెట్టి చూడండి. అందులో ఏ కోడెక్ ఉందో కింద కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.