లే ఆఫ్ అంటే మళ్లీ పిలుస్తారా?

మా గల్లీలో ఉండే సీనియర్ అన్నని సాఫ్ట్‌వేర్ కంపెనీ లే ఆఫ్ చేసిందని ఇంట్లో చెప్పాను. నాన్న వెంటనే అడిగాడు: "మళ్ల ఎప్పుడు పిలుస్తరంట?"

నవ్వొచ్చింది. తర్వాత చూస్తే, నాన్న అన్నదే అసలు అర్థం.

'లే' అంటే పెట్టడం, 'ఆఫ్' అంటే పక్కకి. పక్కన పెట్టినదాన్ని మళ్లీ తీసుకోవచ్చు కదా! అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లో ఒకప్పుడు ఆర్డర్లు రాగానే వెనక్కి పిలిచేవారు. మన 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ అంతే ఉండేది. కరెంటో ముడిసరుకో లేక, సరుకు పేరుకుపోయి, లేదా మిషన్ చెడిపోయి యజమాని పని ఇవ్వలేకపోతే అది లే ఆఫ్. పేరు మస్టర్ రోల్‌లోనే ఉంటుంది. 50 మందికి తగ్గని ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు ఉన్న పర్మనెంట్ వర్కర్‌కి బేసిక్, డీఏలో సగం ఇవ్వాలి. పూర్తిగా తీసేస్తే దాని పేరు రిట్రెంచ్‌మెంట్. దానికి నెల నోటీసు, పూర్తి చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం.

సగం జీతానికి ఒక మెలిక ఉంది. రోజూ ఒక్కసారైనా డ్యూటీ టైముకి వెళ్లి కనబడాలి. 2012లో పవర్ హాలిడేలప్పుడు పాశమైలారంలో నాన్న పనిచేసే చోట లే ఆఫ్ పెట్టారు. నేను రెండో తరగతి. నాన్న రోజూ యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా లేకుండా పోయి, సంతకం పెట్టి గంటలో వచ్చేసేవాడు. డ్యూటీ తగ్గిందని నేను తెగ సంబరపడ్డాను. అమ్మ మాత్రం ఆ నెల పాలు సగానికి తగ్గించింది.

ఇక వాడుక. భూతకాలంలో 'లెయిడ్ ఆఫ్', 'లైడ్ ఆఫ్' కాదు (మన ల్యాబుల్లో రెండోదే ఎక్కువ వినిపిస్తుంది). 'ఫైర్' అంటే చాలాసార్లు మనిషి తప్పు చేశాడనో, పని బాగా చేయలేదనో తీసేయడం. లే ఆఫ్‌లో తప్పు మనిషిది కాదు. 'లే హిమ్ ఆఫ్' అంటే అతన్ని పనిలోంచి తప్పించు. 'లే ఆఫ్ హిమ్' అంటే అతని జోలికి పోకు, వదిలెయ్. మాట చోటు మారితే అర్థమే మారిపోయింది!

మా గల్లీకి ఈ రెండోది నేర్పాలి. అన్న కనబడితే చాలు, "ఏం తప్పు చేసినవ్ బిడ్డా?" అంటున్నారు. నాన్న ఒక్కడే అది అడగలేదు. సాయంత్రం వాళ్లింటికి పోయి కూర్చుని, "లెక్కంత ఇచ్చిన్రా? నోటీసు పైసలు కలిపిన్రా? కాయితం చూపియ్" అన్నాడు.