విండోస్ 10 పీసీ ఉందా? 11కి మారే ముందు ఇవి చూసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. దాంతో ముదిగొండ లాంటి మండలాల్లో పిల్లల చదువు కోసం పాత పీసీ కొన్నవాళ్లకు ఒకటే డౌట్: మిర్చి డబ్బులు మళ్లీ కొత్త పీసీకే పెట్టాలా? తొందరపడొద్దు.

సపోర్ట్ ఆగినా మీ పీసీ పనిచేస్తూనే ఉంటుంది. కానీ కొత్తగా బయటపడే లోపాలకు సెక్యూరిటీ అప్‌డేట్స్ రావు. అందులో బ్యాంకు పనులు చేస్తుంటే రిస్కే.

ముందు పీసీ హెల్త్ చెక్ యాప్ రన్ చేయండి. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే సపోర్ట్ ఉంది. టీపీఎం లేదని చూపిస్తే బయోస్‌లో ఆఫ్ చేసి ఉందేమో చూడండి.

పాసైతే అప్‌గ్రేడ్ ఉచితమే. 4 జీబీ ర్యామ్‌తో మాత్రం స్లో అవుతుంది, 8 జీబీ ఉంటే మంచిది. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు ఉంటుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ డైలీ డేటా చాలదు. ముందే ఫైల్స్ బ్యాకప్ తీసుకోండి. ప్రింటర్, అను ఫాంట్స్ పనిచేయకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోంచి పాత విండోస్‌కి వెనక్కి రావచ్చు.

పాసవ్వకపోతే? ఇంటి పీసీలకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఆ తర్వాత లినక్స్ వేసుకోవచ్చు, లేదంటే అప్పుడు కొత్తది కొనొచ్చు.