లీచేట్ శుద్ధిలో కానరాని మనుషులు

హైదరాబాదు మహానగరం చెత్త ఏళ్ల తరబడి జవహర్‌నగర్ గుట్టలకే చేరుతున్నది. వాన పడినప్పుడల్లా ఆ గుట్టల గుండా దిగే నీరు అమ్మోనియానూ, లవణాలనూ, భార లోహాలనూ కలుపుకొని నల్లగా పారుతుంది. దాని పేరు లీచేట్. మల్కారం చెరువును చెరిపింది అదే. చుట్టుపక్కల బోరునీళ్లనూ పాడుచేసింది. 2023లో అక్కడ రోజుకు 20 లక్షల లీటర్లను శుద్ధి చేసే ప్లాంటు ప్రారంభమైంది. ఆలస్యమైనా మంచి పనే, కాదనను.

అయితే మన చర్చ అంతా యంత్రాల చుట్టూనే తిరుగుతున్నది. లీచేట్‌ను సాధారణంగా సూక్ష్మజీవులతో కొంత శుభ్రపరచి, తర్వాత అధిక పీడనంతో రివర్స్ ఆస్మాసిస్ పొరల గుండా పంపుతారు. ఒకవైపు తేటనీరు వస్తే, మరోవైపు చిక్కబడిన విషం మిగులుతుంది. తొట్లలో బురద పేరుకుంటుంది. ఆ బురదను ఎత్తేదెవరు? పూడుకుపోయిన కాలువలోకి దిగేదెవరు? జవాబు ఊరందరికీ తెలుసు. నమస్తే పథకం కింద 2024 నాటికి కేంద్రం వివరాలు సేకరించిన మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో మూడింట రెండు వంతులకు పైగా దళితులే.

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు శుద్ధి చేసిన లీచేట్‌ను చెరువులోకో వాగులోకో వదిలేటప్పుడు అమ్మోనియా నత్రజని లీటరుకు 50 మిల్లీగ్రాములు మించరాదని లెక్కకట్టి చెప్పాయి. కార్మికుని దగ్గరకు వచ్చేసరికి చేతి తొడుగులు, రెయిన్‌కోటు, మాస్కు ఇమ్మని సరిపెట్టాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గుడ్డ మాస్కు ఆపుతుందా?

2013 చట్టం మరీ విచిత్రం. ‘ప్రమాదకర శుభ్రత’ నిర్వచనాన్ని మురుగు కాలువకూ, సెప్టిక్ ట్యాంకుకూ పరిమితం చేసింది. లీచేట్ గుంట పేరు అందులో లేదు. మురుగు కాలువ మరణాలకు సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. లీచేట్ గుంటలో ప్రాణం పోతే మాత్రం, తమవాడు దిగింది మురుగులోకేనని ఆ కుటుంబం ముందుగా వాదించుకోవాలి.

1927లో మహద్ చెరువు నీటి హక్కు కోసం అంబేడ్కర్ జనంతో కలిసి నడిచారు. నేటి మల్కారం చెరువు దగ్గరికి ఎవరినీ రావద్దనరు. తాగడానికి నీరే మిగల్చలేదు.

నిర్వచనంలో లీచేట్ గుంటను చేర్చవలసింది పార్లమెంటు. అంతవరకు ఆగనవసరం లేని పనులు కొన్ని నగరపాలక సంస్థ చేతిలోనే ఉన్నాయి. తొట్ల బురదను యంత్రంతోనే తీయాలనీ, దగ్గరికి వెళ్లే ముందు వాయువును కొలవాలనీ, కాంట్రాక్టు కార్మికునికీ బీమా ఉండాలనీ టెండరులో రాయాలి. బోరునీటి పరీక్షల ఫలితాలను ప్రతి నెలా మల్కారం, దమ్మాయిగూడ వార్డు కార్యాలయాల గోడలపై తెలుగులో అంటించాలి.